స్పీకర్ తీగకు పీటలెందుకు?

స్పీకర్ కేబుల్ తివాచీకి ఆనితే స్థిర విద్యుత్తు పాటలోకి చొరబడుతుందని చెప్పి, దాన్ని ఎత్తి పెట్టడానికి పింగాణీ పీటలు అమ్ముతున్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ బయటి రొద పైచేయి సాధించాలంటే తీగలోని సిగ్నల్ బలహీనంగా ఉండాలి. రికార్డు ప్లేయర్ ముల్లు నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. అక్కడ షీల్డింగ్ తప్పదు. స్పీకర్ తీగ దగ్గరికొచ్చేసరికి ఆంప్లిఫయర్ దాన్ని వోల్టులకు పెంచేసి ఉంటుంది. పైగా ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ అవుట్‌పుట్ నిరోధం సాధారణంగా ఓమ్‌లో పదో వంతుకన్నా తక్కువ, స్పీకర్‌ది 4 నుంచి 8 ఓమ్‌లు. తీగకు అంటిన కాస్త రొద అక్కడే అణగిపోతుంది. గుయ్యిమనే హమ్ ముందు దశల్లోనే పుట్టి సిగ్నల్‌తోపాటే పెరిగి వస్తుంది; తీగను పీటెక్కిస్తే పోదు.

మరి తీగకు తొడిగే ఫెరైట్ పూసల సంగతి? వాటిని కొట్టిపారేయలేం. పొడవాటి తీగ ఏంటెనాలా రేడియో తరంగాలను పట్టి ఆంప్లిఫయర్‌లోకి పంపుతుంటే అవి నిజంగానే అడ్డుకుంటాయి. అయితే వాటి పని మెగాహెర్ట్జ్‌లలో. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. ‘నాకు తేడా తెలుస్తోంది కదా’ అనేవారు అబద్ధమాడుతున్నారని కాదు, ధర తెలిశాక చెవి కూడా మొహమాటపడుతుంది. ఏది అమర్చారో చెప్పకుండా పదేపదే వినిపించినా గుర్తుపట్టగలిగితేనే అది రుజువు. పీటల డబ్బుతో 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కొని, చివర్లు గట్టిగా బిగించండి.