వార్తల్లో పదం: కన్వర్షన్ ట్రాకింగ్

ఆన్‌లైన్ దుకాణం చూసినవారిలో ఎందరు కొన్నారు, ఏ ప్రకటన చూసి వచ్చారు అని లెక్కగట్టే పద్ధతి ఇది. 2023 జులై 1 నుంచి గూగుల్ పాత యూనివర్సల్ అనలిటిక్స్‌లో కొత్త లెక్కలు తీసుకోవడం ఆపి, దాని స్థానాన్ని గూగుల్ అనలిటిక్స్ 4 (జీఏ4)కు ఇచ్చింది. ఇందులో సరుకు చూడటం, బుట్టలో వేయడం, కొనడం... ప్రతిదీ ఒక ‘ఈవెంట్’.

లెక్క ఎందుకు తప్పుతుంది?

మనుబోలు నుంచి వెంకటగిరి చీరలు అమ్మే సైటు ఒకటుందనుకుందాం. చాలా సైట్లలో ‘ధన్యవాదాలు’ పేజీ తెరుచుకుంటేనే కొనుగోలు నమోదవుతుంది. కొన్నవారు యూపీఐ యాప్‌లో డబ్బు కట్టి అటే వెళ్లిపోతే ఆర్డరు వస్తుంది, అనలిటిక్స్‌లో మాత్రం అమ్మకం కనిపించదు. ఆ పేజీని మళ్లీ తెరిస్తే ఒకే అమ్మకం రెండుసార్లు పడొచ్చు. పేమెంట్ గేట్‌వే మీదుగా తిరిగొచ్చిన కొనుగోలుదారు ప్రకటన చూసి కాక, ఆ గేట్‌వే నుంచి వచ్చినట్టు నమోదు కావచ్చు. యాడ్ బ్లాకర్లు కొన్ని లెక్కలను అసలు చేరనివ్వవు. క్యాష్ ఆన్ డెలివరీలో తిరిగొచ్చిన సరుకు, రీఫండ్ ఈవెంట్ పంపకపోతే, అమ్మకంగానే మిగులుతుంది.

సరిచేయడం ఎలా?

ముందుగా జీఏ4లోని డీబగ్‌వ్యూ తెరిచి, ఒక ఆర్డరు పెట్టి, ఈవెంట్లు వరుసగా వస్తున్నాయో లేదో చూడాలి. ప్రతి ఆర్డరుకూ వేరే లావాదేవీ నంబరు పంపాలి. గేట్‌వే చిరునామాను అక్కర్లేని రిఫరల్స్ జాబితాలో చేర్చాలి. డబ్బు అందినట్టు గేట్‌వే చెప్పగానే సర్వర్ నుంచే ఈవెంట్ పంపడం ఇంకా నమ్మకం. నివేదికలు నిండటానికి 24 నుంచి 48 గంటలు పట్టొచ్చు. ఈలోగా కంగారు పడనక్కర్లేదు. ఆదాయం లెక్కకు మాత్రం ఆర్డర్ల పుస్తకం, బ్యాంకు ఖాతాలే ప్రమాణం.