బాలల గృహంలోకి కొత్త బిడ్డ: స్వాగతానికి ముందు జరగవలసినవి

విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం వద్ద మొదలయ్యే 30వ నంబరు జాతీయ రహదారి కొత్తగూడెం, భద్రాచలం మీదుగా కుంట చేరి, అక్కడి నుంచి సుక్మా దాటి బస్తర్ అడవుల్లోకి సాగుతుంది. సుక్మాకూ జగదల్‌పూర్‌కూ నడుమ ఆ దారిపైనే తోంగ్‌పాల్ ఉంది. 2012 జనవరిలో ఏర్పడిన సుక్మా జిల్లాలోని ఈ ప్రాంతానికి మావోయిస్టు సంఘర్షణ కొత్త కాదు. 2014 మార్చి 11న తోంగ్‌పాల్ సమీపంలో జరిగిన దాడిలో 15 మంది భద్రతా సిబ్బంది మరణించారు. అంతకు ముందు, 2005లో సల్వాజుడుం ఆరంభమైన తర్వాత దక్షిణ బస్తర్ గ్రామాల నుంచి వేలాది ఆదివాసీలు సరిహద్దు దాటి నాటి ఖమ్మం, తూర్పు గోదావరి జిల్లాలకు వలస వచ్చారు. తెలుగు పత్రికలు గొత్తికోయలుగా పేర్కొనేది వీరినే.

ఇటువంటి చోట తల్లినో తండ్రినో కోల్పోయిన పిల్లలకు, లేదా ఇద్దరూ ఉండి కూడా పోషణ లేని పిల్లలకు ఆశ్రయం ఎవరివ్వాలి? ఎక్కువ సందర్భాల్లో ముందుగా తలుపు తెరిచేది ఏదో ఒక మత సంస్థే. ఇది తెలుగు నేలకూ సుపరిచితమే. విశాఖపట్నంలోని ప్రేమసమాజం, హైదరాబాద్ నాంపల్లిలోని అనీసుల్ గుర్బా, విజయవాడలో డాన్ బాస్కో సభ్యులు నడిపే నవజీవన్ బాలభవన్ వేర్వేరు విశ్వాసాల నుంచి పుట్టినవే. ప్రభుత్వ యంత్రాంగం చేరని మూలలకు ఇటువంటి సంస్థలు చేరాయన్నది వాస్తవం. అయితే, సేవాభావం ఎంత గొప్పదైనా బిడ్డను గృహంలో చేర్చుకునే అధికారం నిర్వాహకులకు లేదు.

2016 జనవరి 15న అమల్లోకి వచ్చిన బాలల న్యాయ చట్టం ప్రకారం, సంరక్షణ అవసరమైన బాలలను ఉంచే ప్రతి గృహం, ప్రభుత్వ సాయం పొందినా పొందకపోయినా, విధిగా నమోదు కావాలి. నమోదు లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. తమ గృహానికి దాతలు ఉన్నారు, ప్రభుత్వ డబ్బు తీసుకోవడం లేదు అన్న సమాధానం ఇక్కడ చెల్లదు.

బిడ్డ దొరికినప్పటి నుంచి 24 గంటల్లోగా, ప్రయాణ సమయం మినహాయించి, జిల్లా బాలల సంక్షేమ కమిటీ ఎదుట హాజరుపరచాలి. పోలీసు, అంగన్‌వాడీ కార్యకర్త, ఉపాధ్యాయుడు, సర్పంచ్, ఆసుపత్రి సిబ్బంది, సామాన్య పౌరుడు, చివరికి ఆ బిడ్డే స్వయంగా కమిటీని ఆశ్రయించవచ్చు. అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉండే ఈ కమిటీలో కనీసం ఒక మహిళ ఉండాలి. కమిటీ సమావేశంలో లేని వేళ ఒక్క సభ్యుని ఎదుటైనా హాజరుపరచవచ్చు. అందువల్ల రాత్రివేళ గుమ్మం ముందు నిలిచిన పసివాడిని వెనక్కి పంపవలసిన అవసరం గృహానికి రాదు. అన్నం పెట్టి, పడుకోబెట్టి, కమిటీకి వెంటనే తెలియజేయడమే చట్టం కోరేది. తెలియజేయకుండా అట్టే పెట్టుకోవడం నేరం.

కమిటీ ఆదేశించే సామాజిక దర్యాప్తు 15 రోజుల్లో ముగియాలి. తుది ఉత్తర్వు నాలుగు నెలల్లోగా వెలువడాలి. ఈ మొత్తం వ్యవహారంలో అతి చిన్నదిగా కనిపించి, అతి పెద్ద ఫలితం ఇచ్చేది మొదటి రోజు రిజిస్టరులో రాసే వివరం. బస్తర్‌లో ఒక గ్రామం అంటే ఒకే చోట గుమిగూడిన ఇళ్లు కావు. అడవిలో, పొలాల మధ్య విడివిడిగా పరుచుకున్న అనేక పారాలు. చిరునామా గడిలో ఊరి పేరు ఒక్కటే రాస్తే ఆరేళ్ల తర్వాత ఆ ఇంటిని వెతికే వారికి ఏ ఆధారమూ మిగలదు. పారా పేరు, తల్లిదండ్రుల పేర్లతో పాటు మేనమామ పేరు, ఇంటిపేరు లేదా గోత్రం, ఊరి పటేల్ ఎవరు, ఆ పారాలో పనిచేసే ‘మితానిన్’ ఎవరు అన్నవి రాసుకుంటే దారి నిలుస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో గ్రామ ఆరోగ్య కార్యకర్తను మితానిన్ అంటారు. పారాలోని ప్రతి ఇల్లూ ఆమెకు తెలిసే ఉంటుంది.

ఆ వివరాలు చెప్పవలసినది బిడ్డ. ఏ భాషలో? తోంగ్‌పాల్, దర్భా పరిసరాల్లో ధుర్వాలు మాట్లాడేది ద్రావిడ కుటుంబానికి చెందిన ధుర్వా భాష. దీనినే పర్జీ అనీ అంటారు. ఇంకొందరిది గోండి. సంతలో నలుగురినీ కలిపేది హల్బీ. హిందీలో అడిగిన ప్రశ్నకు ఐదేళ్ల పిల్ల తలూపిందంటే అవునని కాదు, భయపడిందని అర్థం కావచ్చు. కాబట్టి చేరిక రోజున బిడ్డ భాష తెలిసిన ఒక మనిషి పక్కన ఉండటం లాంఛనం కాదు. రాజమహేంద్రవరంలోనో భద్రాచలంలోనో ఉన్న గృహానికి బస్తర్ బిడ్డ చేరితే ఈ చిక్కు రెట్టింపవుతుంది. అందుకే వేరే ప్రాంతపు బిడ్డ అని విచారణలో తేలినప్పుడు, స్వస్థలంలోని కమిటీని సంప్రదించి, బిడ్డ మేలు చూసి అక్కడికి బదిలీ చేసే ఏర్పాటును చట్టం కల్పించింది.

మొదటి రోజుల్లో వైద్య పరీక్ష, శుభ్రమైన బట్టలు, పడక తప్పనిసరి. ఒంటిమీద వచ్చిన పాత చొక్కా, మెడలో పూసలు, చేతి తాడు వంటివి పారవేయకుండా భద్రపరచడం కూడా ఆ పనిలో భాగమే. ఇంటి నుంచి వెంట వచ్చినవి అవే. రాగిజావ వంటి మండియా పేజ్ తాగి పెరిగిన బిడ్డకు గృహంలోని భోజనం కొన్నాళ్లు సహించకపోవడం సహజం. దానిని మొండితనంగా చూడరాదు.

ఇక ప్రార్థన సంగతి. మత సంస్థ నడిపే ఇంట్లో గంట మోగుతుంది, భజనో నమాజో స్తోత్రమో ఉంటుంది. దానిని దాచనవసరం లేదు. కానీ బిడ్డ పేరు మార్చడం, ఇంటి ఆచారాన్ని తప్పుగా చూపడం వేరు విషయం. భారతదేశం 1992 డిసెంబరులో చేరిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 20వ అధికరణం, కుటుంబానికి దూరమైన బిడ్డకు ఆశ్రయం చూపేటప్పుడు జాతి, మత, సాంస్కృతిక, భాషా నేపథ్యం తెగిపోకుండా చూడాలని చెబుతుంది. 1968లో మధ్యప్రదేశ్ చేసిన మత స్వాతంత్ర్య చట్టం 2000లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్‌కు సంక్రమించింది. బలవంతపు మతమార్పిడి జరిగినది మైనర్లు, మహిళలు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారి విషయంలోనైతే ఆ చట్టం శిక్షను పెంచింది. అసలు పేరుతో, అసలు నేపథ్యంతో నమోదు చేసిన గృహానికి ఆరోపణలు వచ్చినప్పుడు ఆ రిజిస్టరే సాక్ష్యమవుతుంది.

స్వాగతమంటే దండ వేసి ఫొటో తీయడమన్న అలవాటు కూడా ప్రమాదకరమే. సంరక్షణలో ఉన్న బిడ్డ పేరు, చిత్రం, చిరునామా బయటపెడితే ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. విరాళాల కోసం పంపే కరపత్రమైనా దీనికి మినహాయింపు కాదు.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా కమిటీ ముందు ఒక ప్రశ్న మిగులుతుంది: ఈ బిడ్డకు గృహమే కావాలా? సంస్థలో చేర్చడాన్ని చట్టం చివరి మార్గంగానే చూస్తుంది. భర్తను కోల్పోయి, ఇప్పపూలు ఏరి, కూలికి వెళ్లే తల్లి బిడ్డను అప్పగించడానికి వచ్చిందంటే, చాలాసార్లు ఆమెకు కరవైనది ప్రేమ కాదు, నెల ఖర్చు. కేంద్రం, రాష్ట్రాలు కలిసి అమలు చేసే మిషన్ వాత్సల్య పథకంలో అర్హులైన బిడ్డకు ఇంట్లోనే ఉండి పెరిగేందుకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ లభిస్తుంది. గ్రామీణ కుటుంబాలకు వార్షికాదాయ పరిమితి 72,000 రూపాయలు. వితంతువుల పిల్లలకు, బంధువుల ఇంట పెరిగే అనాథలకు ప్రాధాన్యం ఉంది. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి చేయాలి. ఈ సంగతి ఆ తల్లికి ముందుగా చెప్పవలసిన వారిలో గృహ నిర్వాహకులు కూడా ఉన్నారు. ఒక పడక ఖాళీగా మిగిలినా సరే.

గృహంలో చేర్చక తప్పని బిడ్డకు వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక తయారవుతుంది. మహిళ, వైద్యాధికారి సహా ముగ్గురికి తగ్గని తనిఖీ బృందం మూడు నెలలకు ఒకసారైనా గృహాన్ని సందర్శించాలి. ఆపదలో ఉన్న బిడ్డ గురించి ఎవరైనా, ఏ వేళనైనా 1098 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.