వీడ్కోలు విందుకు ఖర్చెవరిది?

పెళ్ళిభోజనం ఎవరు పెట్టాలో, షష్టిపూర్తికి ఎవరు ఖర్చు పెట్టుకోవాలో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఉద్యోగ విరమణ విందు దగ్గరికి వచ్చేసరికే ఎవరికీ నోరు పెగలదు.

తెలుగు ఎం.ఏ. చదివిన పాపానికి, మా కళాశాలలో ఎవరు రిటైరైనా సన్మాన పత్రం రాసే భారం నాదే. అది చాలదన్నట్టు నాలుగేళ్ళ కిందట స్టాఫ్ క్లబ్బు కార్యదర్శిత్వం కూడా నెత్తిన పడింది. మా ఆనవాయితీ ఏమిటంటే - దండ, శాలువా, జ్ఞాపిక మా చందాలతో. మధ్యాహ్న భోజనం మాత్రం రిటైరయ్యేవారి ఖర్చుతో. చేతిచమురు భాగవతమంటే ఇదే కాబోలు! సర్వీసు నిబంధనలన్నీ తిరగేసినా ఈ సూత్రం కనబడదు.

పోనీ, ఆ రోజు హఠాత్తుగా వచ్చిపడేదా? నెలలో ఏ తేదీన పుట్టినా విరమణ నెలాఖరునే గదా. ఆంధ్రలో ప్రభుత్వోద్యోగుల విరమణ వయసు 58 నుంచి 2014లో 60కి, 2022లో 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 61 అయింది. వయసు ఎంత పెరిగినా మా చందాల జాబితా బయలుదేరేది ఆఖరి వారంలోనే!

కిందటేడు మా అటెండరు రిటైరయ్యాడు. చందాకు వెళితే చాలామంది "అటెండరుకే గదా, యాభై చాల్లెండి" అన్నారు. నేను మారుమాట్లాడకుండా రాసుకున్నాను. రెండు రోజుల తర్వాత అతనే నా దగ్గరికి వచ్చాడు.

"మేష్టారూ, భోజనాలకు ఎంతమందని చెప్పమంటారు? వంటవాడికి అడ్వాన్సివ్వాలి."

"డబ్బు సంగతి?" అన్నాను.

"గ్రాట్యుటీ వస్తుంది గదండీ. అందాకా మా బావమరిది సర్దుతానన్నాడు. అందరూ పెట్టారు, నేను పెట్టకపోతే బాగుండదు గదండీ."

డెబ్బైమందని చెప్పాను. వద్దని చెప్పడానికి నోరు రాలేదు. ఆ రోజు పాయసం రెండోసారి వడ్డించుకున్నాను కూడా.

సాయంత్రం లెక్కలు రాయడానికి క్లబ్బు పాత పుస్తకం తెరిచాను. లెక్చరర్ల వీడ్కోళ్ళలో ఒక్కటీ తప్పకుండా అతని సంతకముంది. మేమెంత ఇచ్చామో అతనూ అంతే ఇచ్చాడు!

మరుసటి సమావేశంలో తీర్మానం పెట్టాను. విందు పెట్టేది ఉండిపోయేవాళ్ళం. వెళ్ళేవారూ వారి కుటుంబమూ మనకు అతిథులు. చందా జీతాన్ని బట్టి వేసుకోవాలి, ఎవరెంతిచ్చారో జాబితాలో రాయకూడదు. ప్రిన్సిపాలుగారికైనా అటెండరుకైనా ఒకటే విస్తరి, ఒకటే శాలువా. "జీతం ఎక్కువైతే ఆకలి కూడా ఎక్కువవుతుందా?" అన్నారు అర్థశాస్త్రం ఆయన. అందరూ నవ్వారు. అయినా తీర్మానం మూడు ఓట్ల మెజారిటీతో గట్టెక్కింది.

పెన్షను చేతికందాక ఎవరైనా ముచ్చటపడి ఇంటికి భోజనానికి పిలిస్తే నిక్షేపంగా వెళదాం. అది వేరే సంగతి.

ఈ నెలాఖరున మా రికార్డు అసిస్టెంటు రిటైరవుతున్నాడు. అతని భార్యను బొట్టు పెట్టి పిలవడానికి రేపు మా ఆవిడా నేనూ వెళుతున్నాం. సన్మాన పత్రమే ఇంకా మొదలుపెట్టలేదు.