వాయిదాలు టీవీలో రావు

2004 నవంబర్ 11, దీపావళి రాత్రి. మహబూబ్‌నగర్‌లో మకాం చేసి ఉన్న కంచి పీఠాధిపతి జయేంద్ర సరస్వతిని తమిళనాడు పోలీసులు వచ్చి అరెస్టు చేశారు. ప్రత్యేక విమానంలో చెన్నైకి తీసుకుపోయారు. తెలుగు వార్తా చానెళ్లకి అప్పుడప్పుడే పాలపళ్లు వస్తున్న రోజులవి. టీవీ9 మొదలై ఏడాదైనా నిండలేదు. కాంచీపురం వరదరాజ పెరుమాళ్ గుడి మేనేజర్ శంకరరామన్‌ని ఆ సెప్టెంబర్ 3న గుడి ఆఫీసులోనే నరికి చంపిన కేసు అది. అంతటి పీఠాధిపతి, అలాంటి ఆరోపణ, పైగా పండగ రాత్రి. రిమోట్ పక్కన పెట్టబుద్ధి వేస్తుందా ఎవరికైనా?

2013 నవంబర్ 27. పుదుచ్చేరి ప్రధాన సెషన్స్ కోర్టు. న్యాయమూర్తి సి.ఎస్. మురుగన్ తీర్పు చదివారు. నిందితులందరూ నిర్దోషులు.

ఈ రెండు తేదీల మధ్య తొమ్మిదేళ్ల పదహారు రోజులున్నాయి. మొదటి తేదీ నాటి దృశ్యాలు చూసినవాళ్లకి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంటాయి. రెండోది చాలామందికి మర్నాటి పేపర్లో చూసిన ఒక హెడ్డింగు మాత్రమే. నడుమ జరిగినదాంట్లో ఎక్కువ భాగం పుదుచ్చేరిలో, కోర్టు బంట్రోతు పిలుపులకీ వాయిదాలకీ మధ్య జరిగింది. నిజంగా జరిగిన నేరాలను చూపించే టీవీ కార్యక్రమాలు, డాక్యుమెంటరీలు ఎంత బాగుంటాయో, ఎక్కడ దెబ్బతింటాయో చెప్పడానికి ఈ నడిమి భాగాన్ని మించిన ఉదాహరణ దగ్గర్లో లేదు.

ముందు బాగుండటం సంగతి చూద్దాం. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక టీవీ ముందు కూర్చున్న ఇల్లాలిని ఊహించుకోండి. తెర మీద ఇంకో వంటిల్లు. కుళాయి నుంచి బొట్టుబొట్టుగా నీళ్లు కారుతున్నాయి. గుమ్మం దగ్గర ఒంటి చెప్పు. ముఖం కనబడని మనిషి మెల్లగా నడిచొస్తున్నాడు. ‘ఆ రాత్రి ఆ ఇంట్లో అసలేం జరిగింది?’ అని ఒక బొంగురు గొంతు అడుగుతుంది. వెంటనే సబ్బు ప్రకటన. ఆ రెండు నిమిషాల్లో ఆవిడ లేచి వెళ్లి వీధి తలుపు గడియ ఇంకోసారి చూసుకుని వస్తుంది. భయం వేసిందని టీవీ కట్టేయదు. గడియ పడే ఉంది కాబట్టి మరింత కుదురుగా కూర్చుంటుంది.

ఈ గడియ చూసుకోవడం ఉత్త చాదస్తం కాదు. అమెరికాలో అమాండా వికరీ, క్రిస్ ఫ్రేలీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. నిజ నేర కథల పుస్తకాల మీద మగవాళ్లకంటే ఆడవాళ్లకే మక్కువ ఎక్కువని, అందులోనూ బాధితురాలు ఏ ఉపాయంతో తప్పించుకుందో చెప్పే పుస్తకాల వైపు మరీ మొగ్గుతారని తేల్చారు. అంటే ఆ బొంగురు గొంతు వెనక వీళ్లు వినేది వేరే పాఠం: ఏ మాట నమ్మకూడదు, ఎక్కడ అనుమానించాలి, ఎప్పుడు పరుగెత్తాలి.

తెలుగువాళ్లకి ఈ రుచి టీవీతో వచ్చింది కూడా కాదు. అద్దె పుస్తకాల షాపుల్లో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలల కోసం వరస కట్టిన తరం ఇంకా మన మధ్యే ఉంది. ‘నేరాలు - ఘోరాలు’ అనే కార్యక్రమం పేరు ఇంట్లో సామెతలా వాడుకున్నవాళ్లూ ఉన్నారు. నవలలో చివరి పేజీకి హంతకుడు దొరికి తీరాలి. పాఠకుడికి రచయిత పడ్డ బాకీ అది. చిక్కంతా అదే బాకీని నిజం కేసు నుంచి కూడా వసూలు చేయబోవడంలో ఉంది.

నిజం నేరాలు మాత్రం మహా నీరసంగా ఉంటాయి. జాతీయ నేర గణాంక సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 28,522 హత్య కేసులు నమోదయ్యాయి. వాటిలో 9,962 గొడవల వల్ల జరిగినవే. గట్టు తగాదా, డబ్బు తగాదా, ఇంటి తగాదా లాంటివి. డాక్యుమెంటరీ తీసేవాళ్లు వీటి జోలికి పోరు. కేరళ కూడత్తాయిలో ఒకే కుటుంబం చుట్టూ పద్నాలుగేళ్లలో ఆరు మరణాలు, సైనైడ్ అనుమానం అనగానే మాత్రం కెమెరాలు బయల్దేరతాయి. 2023 డిసెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్ ఆ కేసు మీద ‘కర్రీ అండ్ సైనైడ్’ విడుదల చేసే నాటికి విచారణ పూర్తికాలేదు. లక్షల మంది ఇళ్లలో అప్పటికే తీర్పు వచ్చేసి ఉంటుంది.

టీవీలో నేరాన్ని మళ్లీ నటించి చూపిస్తారు కదా, ఆ కథ ఎక్కడ దొరుకుతుంది? ఎక్కువగా పోలీసుల ప్రెస్‌మీట్‌లో. బల్ల మీద కత్తి, సెల్‌ఫోన్లు, మోటారు సైకిల్ తాళం. వెనక ముసుగులు వేసుకుని నిలబడ్డ నిందితులు. ‘విచారణలో నేరం ఒప్పుకున్నాడు’ అని అధికారి చెప్పే ఒక్క వాక్యం. సాయంత్రానికల్లా అది గంట కార్యక్రమం అవుతుంది. అయితే మన చట్టంలో పోలీసు అధికారి దగ్గర ఇచ్చిన ఒప్పుకోలుకు నిందితుడి మీద సాక్ష్యంగా విలువ లేదు. 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ అదే చెప్పింది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షనూ అదే చెబుతోంది. కోర్టు గుమ్మం దాటలేని కాగితం మన హాల్లోకి మాత్రం నేపథ్య సంగీతంతో సహా వచ్చేస్తుంది.

శంకరరామన్ కేసులో ఈ తేడా తొందరగానే బయటపడింది. 2005 జనవరిలో జయేంద్ర సరస్వతికి బెయిలిస్తూ సుప్రీంకోర్టు, ఒప్పుకోళ్లని చెబుతున్నవి తప్ప కుట్రలో ఆయన పాత్రకు చెప్పుకోదగ్గ ప్రాథమిక ఆధారమేదీ తమ ముందుకు రాలేదని వ్యాఖ్యానించింది. అదే ఏడాది అక్టోబర్‌లో కేసునే తమిళనాడు దాటించింది. కంచి మఠం బ్యాంకు ఖాతాలను స్తంభింపజేయడం, నిందితుల తరఫు లాయర్ల మీద కేసులు పెట్టడం వంటివి చూసి, అక్కడ న్యాయమైన విచారణ జరగదన్న భయం సహేతుకమేనని భావించింది. సాక్షుల్లో ఎక్కువమంది తమిళం మాట్లాడేవాళ్లు. కాగితాలూ తమిళంలోనే ఉన్నాయి. రాష్ట్రం మారాలి, భాష మారకూడదు. దానికి పుదుచ్చేరి సరిగ్గా సరిపోయింది.

అక్కడ నడిచిన విచారణలో డాక్యుమెంటరీకి పనికొచ్చేది ఏముంది? హత్య కేసులు నడిచే కింది కోర్టుల్లో కెమెరాలకు చోటు లేదు. ఉన్నా, తీసుకోవడానికి దృశ్యాలు కావాలి కదా. పేరు మూడుసార్లు పిలుస్తారు. సాక్షి రాలేదంటారు. వచ్చినా లాయరు రాలేదు. ఇద్దరూ వచ్చిన రోజు ఇంకేదో పిటిషన్. ఆఖరికి సాక్షి బోనెక్కి, పోలీసులతో తాను ఆ మాట అననే లేదంటాడు. విచారించిన 189 మందిలో 83 మంది అలా అడ్డం తిరిగారు. అప్రూవర్‌గా మారినవాడూ మాట మార్చాడు. 24 మంది నిందితుల్లో ఒకడు తీర్పుకి ముందే, 2013లో చెన్నైలో హత్యకు గురయ్యాడు. మిగిలిన 23 మందీ బయటపడ్డారు. అరెస్టు రాత్రి చూసి ఊరుకున్న ప్రేక్షకుడికి ఇదంతా అర్థం కాదు. ‘పెద్దవాళ్లు కదా, మేనేజ్ చేసుకున్నారు’ అనేస్తాడు. లేదా ‘అంతా కట్టుకథే అని నేను ముందే చెప్పా’ అంటాడు. పెదవి విరుపు ఏ వైపుదైనా, ఆ 83 మంది ఎందుకు మాట మార్చారో వివరంగా చూపించే కార్యక్రమం రెండు నిమిషాలైనా చూసిన జ్ఞాపకం మాత్రం అతనికి లేదు.

తెలుగు నేల మీద ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ ఉంది. 2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. పోలీసులు పట్టుకున్న యువకుడికి 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చిలో హైకోర్టు అతను నిర్దోషి అంది. అప్పటికి ఎనిమిదేళ్లు జైల్లో గడిచిపోయాయి. ఆ అరెస్టు నాటి హడావిడి గుర్తున్నవాళ్లెందరు, విడుదల గుర్తున్నవాళ్లెందరు అన్నది ఎవరికి వారు వేసుకోవాల్సిన లెక్క.

ఇదంతా విని డాక్యుమెంటరీలన్నిటినీ ఒకే గాట కట్టేయడమూ తప్పే. ఓపికున్న కెమెరా కోర్టు తప్పును పట్టుకున్న సందర్భాలున్నాయి. డల్లాస్‌లో పోలీసు అధికారిని చంపాడని మరణశిక్ష పడిన రాండల్ ఆడమ్స్ మీద ఎరల్ మోరిస్ 1988లో ‘ది థిన్ బ్లూ లైన్’ తీశాడు. సాక్షులను కూర్చోబెట్టి, వాళ్లే తమ అబద్ధాల్లో తట్టుకుని పడేదాకా మాట్లాడనిచ్చాడు. మరుసటి ఏడాది ఆడమ్స్ విడుదలయ్యాడు.

అదే ప్రక్రియ తిరగబడిన సంగతీ ఉంది. 2015లో వచ్చిన ‘ది జింక్స్’ సిరీస్ చివరి భాగంలో రాబర్ట్ డర్స్ట్ అనే ధనికుడు మైకు తీయడం మరచి బాత్రూమ్‌కి వెళ్తాడు. తానేం చేశానో తనే అడుక్కుంటున్నట్టు, అందరినీ చంపేశానని తనే జవాబిచ్చుకున్నట్టు వినిపిస్తుంది. ప్రపంచం అదిరిపడింది. తర్వాత కోర్టుకు చేరిన పూర్తి పాఠం చూస్తే ఆ మాటలు వేరే వరుసలో ఉన్నాయి. మధ్యలో ఇంకా గొణుగుడు ఉంది. మాటలు మనిషివే, వరుస ఎడిటర్‌ది. 2021లో ఒక హత్యలో డర్స్ట్ దోషిగా తేలాడు కాబట్టి చాలామంది దీన్ని పట్టించుకోలేదు. తేలకపోయి ఉంటే?

వేలు చూపించే పని ఎంత జారుడుదో ‘ఇండియాస్ మోస్ట్ వాంటెడ్’ సుహైబ్ ఇల్యాసీని అడిగితే తెలుస్తుంది. 1998లో టీవీలో పరారీ నేరస్థుల ముఖాలు చూపించి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. భార్య మరణం కేసులో తానే నిందితుడై, 2017లో యావజ్జీవ శిక్ష పడి, 2018లో ఢిల్లీ హైకోర్టులో నిర్దోషిగా బయటపడ్డాడు.

ఇలాంటి కార్యక్రమాలను ఆపాలా అంటే కోర్టుల జవాబు ఒకేలా లేదు. కూతురి హత్య కేసులో నిందితురాలైన ఇంద్రాణీ ముఖర్జియా మీద తీసిన సిరీస్‌ను ఆపమని సీబీఐ అడిగితే, బాంబే హైకోర్టు న్యాయమూర్తులు 2024 ఫిబ్రవరిలో స్వయంగా చూసి, ఆపేంత ఏమీ లేదన్నారు. అంతకు ముందు 2020లో ‘బ్యాడ్ బాయ్ బిలియనీర్స్’ సిరీస్ విడుదలైనప్పుడు సత్యం రామలింగరాజు భాగం లేకుండా మూడే భాగాలొచ్చాయి. హైదరాబాద్ సివిల్ కోర్టు దాన్ని నిలిపివేసింది. తమిళనాడులోని తిరువాన్మియూరు హంతకుడు ఆటో శంకర్ కేసు వీటన్నిటికీ పెద్దన్న. మరణశిక్ష పడ్డ ఆటో శంకర్ రాసిన ఆత్మకథను ‘నక్కీరన్’ పత్రిక వేయబోతే, తమ అధికారుల పరువు పోతుందని ప్రభుత్వం అడ్డుపడింది. పత్రిక సుప్రీంకోర్టుకెళ్లింది. కోర్టు రికార్డుల్లో ఉన్నది ఎవరైనా రాయవచ్చని, అది దాటి అనుమతి లేకుండా మనిషి సొంత బతుకులోకి చొరబడకూడదని 1994లో తీర్పొచ్చింది. మన దేశంలో ఆంతరంగిక జీవిత హక్కు గురించి వాదించే లాయర్లు ఈనాటికీ ఉదహరించే తీర్పు అది. ఒక హంతకుడి కథ మీద జనానికున్న కుతూహలం నుంచే పుట్టింది.

చచ్చిపోయిన మనిషి తరఫున ఆ హక్కును ఎవరడగాలి? పుదుచ్చేరి కేసులో అందరికంటే తక్కువ కనిపించిన ముఖం శంకరరామన్‌దే. ప్రాసిక్యూషన్ చెప్పిన కథలో ఆయన మఠం మీద ఫిర్యాదులు రాసే మనిషి. సోమశేఖర గణపాడిగళ్ అనే మారుపేరుతో ఉత్తరాలు రాశాడని అభియోగం. గుడి లెక్కలు చూసుకునే ఉద్యోగి, భార్యాబిడ్డలున్న సంసారి. ప్రసారమైన దృశ్యాల్లో ఎక్కువ భాగం విమానం, వ్యాను, జైలు గేటువే.

జయేంద్ర సరస్వతి 2018 ఫిబ్రవరిలో పరమపదించారు. అప్పుడు పాత దృశ్యాలు మళ్లీ టీవీల్లోకొచ్చాయి. వాటిలో మహబూబ్‌నగర్ రాత్రి ఉంది, వేలూరు జైలు ఉంది. తీర్పు రోజున మాత్రం కోర్టు గేటు బయట మైకుల తోపులాట దగ్గరే కెమెరా ఆగిపోయింది. గేటుకి లోపల, తమిళంలో రాసుకున్న సాక్ష్యాల కట్టల్లో, ఆ గుడి ఆఫీసులోకి కత్తులతో వచ్చిందెవరన్న ప్రశ్నకు జవాబు లేకుండానే కేసు ముగిసింది.