అంటు మొక్క చెప్పే పాఠం



ఒక జాతి ఎందుకు అంతరించిపోతుంది? అడవుల నరికివేత, వేట, కాలుష్యం, వాతావరణ మార్పు అని మనం పరీక్షల్లో రాస్తుంటాం. అవన్నీ నిజమే. కానీ అవి బయటి నుంచి పడే దెబ్బలు. దెబ్బను తట్టుకునే శక్తి మాత్రం ఆ జాతి లోపల ఉండాలి. ఒకే జాతిలోని జీవుల మధ్య పుట్టుకతో ఉండే తేడాలే ఆ శక్తి. దీన్నే జన్యు వైవిధ్యం అంటారు. ఇది అర్థం కావాలంటే మన నూజివీడు మామిడి తోటలను చూస్తే చాలు.

బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి కాయే కాస్తుందన్న నమ్మకం లేదు. ఆ పువ్వుకు పుప్పొడి వేరే చెట్టు నుంచి వచ్చి ఉండవచ్చు. తల్లి గుణాలు కొన్ని, తండ్రి గుణాలు కొన్ని కలిసి టెంకలో ఒక కొత్త చెట్టు తయారవుతుంది. అందుకే రైతులు అంటు కడతారు. టెంక మొక్క మీద మంచి చెట్టు కొమ్మను అతికిస్తే, పైన అచ్చం ఆ తల్లిచెట్టు కాయలే కాస్తాయి. అంటే ఊళ్ళో ఎన్ని వందల బంగినపల్లి చెట్లున్నా, కాసే కొమ్మల వరకు జన్యువుల లెక్కలో అవి దాదాపు ఒకే చెట్టు!

బజారులో అమ్మకానికి ఇది లాభమే. ప్రమాదం కూడా ఇందులోనే ఉంది. ఒక చెట్టు తట్టుకోలేని తెగులును దాని పక్క చెట్టు కూడా తట్టుకోలేదు.

ఐర్లండ్ దేశంలో ఇదే జరిగింది. అక్కడి పేదలు ఎక్కువగా లంపర్ అనే ఒకే రకం బంగాళాదుంపను పండించేవారు. దుంప ముక్కను పాతితే వచ్చేది కూడా అంటు మొక్కలాగా తల్లికి నకలే. 1845లో ఒక తెగులు వచ్చి పొలాలను కుళ్ళబెట్టింది. తర్వాతి కొన్నేళ్ళ కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు. పాలకుల నిర్లక్ష్యం కూడా తోడైంది.

జంతువులు, పక్షుల విషయంలోనూ సూత్రం ఒకటే. కడప జిల్లా లంకమల ప్రాంతంలోని కలివికోడి 1900 తర్వాత కనబడక, అంతరించిందనే అనుకున్నారు. 1986లో మళ్ళీ కనిపించింది. ముళ్ళపొదల అడవి తరిగేకొద్దీ ఇలాంటి పక్షులు తగ్గిపోతాయి. మిగిలిన కొద్దిపాటివి దగ్గర సంబంధం ఉన్న వాటితోనే జతకట్టాల్సి వస్తుంది. అప్పుడు లోపలి తేడాలు కూడా తరిగిపోతాయి. ఆ తర్వాత ఒక్క రోగమో, ఒక్క కరువో చాలు. బయటి దెబ్బ, లోపలి బలహీనత ఇలా ఒకదానికొకటి తోడవుతాయి.

మామిడి జాతి రేపే అంతరించిపోదు. కానీ అందులోని రకాలు చప్పుడు లేకుండా పోగలవు. కొత్త తోట వేసేటప్పుడు బంగినపల్లి, కలెక్టర్ తప్ప వేరేది వద్దనుకుంటే చిన్నరసం, పెద్దరసం, చెరకురసం, పంచదార కలశ వంటివి తగ్గిపోతాయి. గట్టు మీది నాటు చెట్టు పుల్లగా ఉందని కొట్టేస్తే, అటువంటి చెట్టు ప్రపంచంలో మరొకటి ఉండదు.

పాత రకం విలువేమిటని అడగవచ్చు. నీలం అనే దక్షిణాది రకం ఏటా క్రమంగా కాస్తుంది. దాన్ని రుమానీతో కలిపి సంగారెడ్డి పరిశోధన కేంద్రంలో మంజీరా రకాన్ని, ఉత్తరాది దశేరితో కలిపి ఢిల్లీలో ఆమ్రపాలి రకాన్ని తయారుచేశారు. నీలం చెట్లను ఎవరూ ఉంచకపోతే ఈ రెండూ లేవు. రేపు రాబోయే ఎండలను, పురుగులను తట్టుకునే గుణం ఏ నాటు చెట్టులో దాగి ఉందో ఎవరు చెప్పగలరు?

పూత మాడిపోయిన ఏడాది తోట యజమానికి నష్టం, కోత కూలికి పస్తు. మనలో చాలామంది ఆ కూలి డబ్బులతో బడికి వచ్చినవాళ్ళమే. కాబట్టి ఇది పుస్తకాల్లోని విషయం మాత్రమే కాదు. సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊళ్ళో ఉన్న పాత మామిడి చెట్ల పేర్లు, గుణాలు పెద్దలనడిగి నోటుపుస్తకంలో రాసుకోండి. కొట్టేయబోతున్న చెట్టు ఉంటే దాని కొమ్మతో ఒక అంటు కట్టించండి. ఒకే రకాన్ని పెంచే అంటు, పోబోయే రకాన్ని కూడా నిలబెట్టగలదు.