పెరటి పిట్టగూళ్ళు: ఏ పిట్టకు ఎంత ద్వారము?

సంక్రాంతి నాటికి కుప్పనూర్పిళ్ళు ముగిసి సార్వా ధాన్యము ఇల్లు చేరును. రైతు ఇంట పాత చెక్కలు, మేకులు, సుత్తి చేతబట్టుటకు కొద్దిపాటి తీరిక చిక్కు దినములివియే. పిట్టలు గూటికి చోటు వెదకుకొనుట కూడ ఈ దినములలోనే ప్రారంభమగును. మాఘ, ఫాల్గుణ మాసములలో పిచ్చుకల జంటలు చూరులలోను, మీటరు పెట్టెలలోను తలదూర్చి చూచుచుండుట మీరు గమనించియే యుందురు. పెరట పిట్టగూడు పెట్టదలచినవారు ఉగాదికి ముందే పెట్టవలెను. వైశాఖములో పెట్టిన పెట్టెకు కూడ పిట్ట రావచ్చును గాని, అప్పటికి తొలి కాన్పు వేరొక చోట జరిగిపోయి యుండును.

పెట్టె కట్టబోవు ముందు ఒక సంగతి తెలిసికొనవలెను. అన్ని పిట్టలును పెట్టెలోనికి రావు. గిజిగాడు తన గూడు తానే అల్లుకొనును. ఏట్రింత, పిగిలిపిట్ట కొమ్మల నడుమ దొప్పవంటి గూడు కట్టును. వీటికొరకు పెట్టె కట్టుట వృథా. చెట్టు తొఱ్ఱలలోను, గోడ సందులలోను గ్రుడ్లు పెట్టు పిట్టలు మాత్రమే పెట్టెను తొఱ్ఱగా భావించి వచ్చును. మన ప్రాంతములలో పిచ్చుక, గోరింక, పెద్ద నల్లంచి, పైడికంటె, తెల్ల ముఖపు గుడ్లగూబ, రామచిలుక, పాలపిట్ట ఈ జాతివి. వీనిలో చాలవరకు తొఱ్ఱను తాము తొలుచుకొనలేవు. వడ్రంగి పిట్ట తొలిచి విడిచిన రంధ్రమో, కుళ్ళిన కొమ్మ పడిపోయిన గుంటయో, మనుష్యుడు తెలియక విడిచిన సందో దొరకవలెను.

ఆ సందులే నేడు కరవైనవి. పెంకుటింటి చూరులో, తాటాకు కప్పులో పిచ్చుకకు చోటుండెడిది. రాతి కట్టుడు బావి లోపలి గోడలో రాయికిని రాయికిని నడుమ గోరింకలు, పైడికంటెలు కాపురముండెడివి. పెంకుటిండ్లు పోయి స్లాబు ఇండ్లు వచ్చినవి. బోరు వేసిన తరువాత పాత బావిని పూడ్చివేసినాము. ఎండిన తాడిచెట్టు కనబడిన వెంటనే కొట్టివేసినాము. ఇందు ఒక్క పనియు పిట్టలపై కోపముతో చేసినది కాదు. అయినను వాటి ఇండ్లన్నియు ఒక్కసారిగా పోయినవి. పెట్టె కట్టుట అనగా తీసివేసిన సందును తిరిగి ఇచ్చుటయే.

ఇచ్చట రైతు సోదరులు అడుగు ప్రశ్న ఒకటి కలదు. "పిచ్చుక గింజలు తినును గదా, దొంగను పిలిచి ఇల్లు కట్టి ఇమ్మందురా?" ఈ ప్రశ్న న్యాయమైనదే. జొన్న, సజ్జ కంకులపై పిచ్చుకల గుంపు వ్రాలిన నష్టము కలుగును, కాదనలేము. కాని పెద్ద పిచ్చుక తిండి వేరు, పిల్ల తిండి వేరు. గ్రుడ్డు నుండి వెలువడిన పిల్ల గట్టి గింజను అరిగించుకొనజాలదు. అందుచేత తొలి దినములలో తల్లిదండ్రులు దానికి గొంగళిపురుగులు, పేనుబంక, చిన్న మిడుతలు, సాలీళ్ళు తెచ్చి పెట్టును. ఈ పురుగుల వేట గూటికి దగ్గరలోనే జరుగును. పెరటిలో వంగ, బెండ, చిక్కుడు పాదులున్న ఇంటికి ఇది లాభమే.

చైనా దేశమువారు 1958లో ఎలుక, ఈగ, దోమలతోపాటు పిచ్చుకను కూడ దేశశత్రువుల పట్టికలో చేర్చిరి. అది మన ఊర పిచ్చుకకు దగ్గరి చుట్టమైన చెట్టు పిచ్చుక. జనమంతయు డప్పులు, పళ్ళెములు వాయించి, వాటిని వ్రాలనీయక అలసట పుట్టించి చంపిరి, గూళ్ళు పీకివేసిరి. తరువాత పంటలపై పురుగులు, మిడుతలు పెచ్చుపెరిగెను. 1960లో పిచ్చుకను పట్టికనుండి తొలగించి దాని స్థానమున నల్లిని చేర్చిరి. అప్పటికే ఆ దేశము ఘోరమైన కరవులో నుండెను. ఆ కరవునకు ఇతర కారణములు అనేకము కలవు గాని, పిచ్చుకల వధ కూడ అందు ఒకటిగా లెక్కింపబడుచున్నది.

కనుక నా అభిప్రాయమిది: పిచ్చుక పెట్టెలు ఇంటి గోడకు, కూరగాయల మడి ప్రక్కన కట్టుడు. జొన్న చేని గట్టున కట్టవద్దు.

ఇక ద్వారము సంగతి. ఏ పిట్ట రావలెనో నిర్ణయించునది పెట్టె అందము కాదు, ద్వారము కొలత. పిచ్చుకకు ఒకటింబావు అంగుళము వ్యాసము గల గుండ్రని రంధ్రము చాలును. అంతకు పెద్దదైన గోరింక చొరబడి పిచ్చుకను వెళ్ళగొట్టును. పెట్టె అడుగు ఆరంగుళముల చదరము, ఎత్తు తొమ్మిది అంగుళములు ఉండవలెను. రంధ్రము అడుగునకు ఐదారు అంగుళముల ఎత్తున ఉండవలెను. క్రిందుగా నున్నచో పిల్లలు ముందే బయటికి జారిపడును, పిల్లి పంజాకు కూడ అందును. అంగడిలో అమ్ము పెట్టెలకు రంధ్రము క్రింద ఒక పుల్ల గ్రుచ్చియుండును. అది చూపునకు ముద్దుగా నుండును గాని పిచ్చుకకు దానితో పని లేదు. కాకి వచ్చి కూర్చుండి లోనికి ముక్కు పెట్టుటకు మాత్రము పనికివచ్చును. దానిని పీకివేయుడు.

చెక్క ముప్పాతిక అంగుళము మందముండిన మంచిది. మామిడి చెక్కయైనను, పండ్ల పెట్టెల చెక్కయైనను సరిపోవును. లోపల రంగు వేయరాదు, నునుపు చేయరాదు. గరుకుగా నున్ననే పిల్లలు గోళ్ళతో పట్టుకొని రంధ్రము వరకు ఎక్కగలవు. అడుగున నాలుగు మూలల సన్నని బెజ్జములు, పైకప్పు క్రింద ప్రక్క చెక్కలకు రెండేసి బెజ్జములు పెట్టుడు. క్రింది వానితో తడి పోవును, పై వానితో వేడిగాలి పోవును. కప్పు ముందునకు రెండంగుళములు చొచ్చుకొని రావలెను. ఒక ప్రక్క చెక్కను బందులతో తెరచుటకు వీలుగా బిగించుడు. చెక్క దొరకనివారు కుమ్మరి వద్ద చిన్న కుండకు పచ్చిగా నున్నప్పుడే తగిన రంధ్రము చేయించి కాల్పించుకొనవచ్చును. మట్టికుండ చల్లగా కూడ నుండును.

చల్లదనము చిన్న విషయము కాదు. శీతల దేశముల పుస్తకములలో పెట్టెకు ఎండ తగులవలెనని వ్రాసియుందురు. మనకది పనికిరాదు. రోహిణి కార్తె ఎండలో రేకు కప్పు క్రింద వ్రేలాడదీసిన పెట్టె పొయ్యి వంటిది, పిల్లలు లోపలనే చచ్చును. రేకు డబ్బాలను, ప్లాస్టిక్కు సీసాలను గూళ్ళుగా వాడవద్దు. పెట్టె ముఖము తూర్పునకో ఉత్తరమునకో ఉండవలెను. పడమటి ఎండ తగులరాదు. వసారా చూరు క్రింద ఎనిమిది పది అడుగుల ఎత్తున గోడకు బిగించినది అన్నిటికంటె శ్రేష్ఠము. అచ్చట తిరుగు ఫ్యాను ఉండరాదు. లోపల గడ్డి, దూది మీరు నింపనక్కరలేదు. కొద్దిగా కొబ్బరి పీచు, ఎండుగడ్డి పెరటిలో ఒక మూల విడిచిపెట్టిన అవియే ఏరుకొనును. ఒక వెడల్పాటి మూకుడులో రెండంగుళముల నీరు పోసి నడుమ రాయి ఉంచుడు, రోజును నీరు మార్చుడు. చూరునకు వరికంకుల కుచ్చులు కట్టు మన పెద్దల అలవాటు ఎక్కడైనను మిగిలియున్న యెడల దానిని మానవద్దు.

గోరింకకు పెట్టె పెద్దది కావలెను: అడుగు ఎనిమిది అంగుళముల చదరము, ఎత్తు పదునాలుగు అంగుళములు, ద్వారము రెండుంబావు అంగుళములు. వేసవి దుక్కిలో నాగలి వెంటను, ట్రాక్టరు వెంటను నడచుచు బయటపడిన పురుగులను, కోశస్థ దశలోని వానిని ఏరి తినునది ఇదియే. కళ్ళములోను పండ్లతోటలోను కొంత తినును గాని మొత్తముమీద మెట్ట రైతునకు ఇది స్నేహితురాలే. ద్వారము చుట్టు ఒక రేకు బిళ్ళ కొట్టవలెను. లేనిచో రామచిలుక ముక్కుతో కొరికి ద్వారము పెద్దది చేసి తానే కాపురము పెట్టును. మొక్కజొన్న, ప్రొద్దుతిరుగుడు, జామ తోటలున్నవారికి చిలుక చేయు నష్టము చెప్పనక్కరలేదు. అయినను ఒకసారి గ్రుడ్లు పెట్టిన పిమ్మట దానిని కదల్చరాదు. చిలుక పిల్లలను తీసి పంజరములో పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము.

వరి రైతులు అన్నిటికంటె ముఖ్యముగా ఆలోచించవలసినది గుడ్లగూబను గురించి. మనలో చాలమంది ఇంటిమీద గుడ్లగూబ వ్రాలినచో కీడని తలచి రాళ్ళు రువ్వుదురు. పొలములో ఎలుకల బుట్టలు పెట్టించుటకు కూలి ఇచ్చుచు, కూలి లేకుండ రాత్రియంతయు ఎలుకలను పట్టు దానిని తరుముట ఏమి లెక్కయో నాకు బోధపడదు. మలేషియాలో నూనెతాటి తోటలవారు 1980ల నుండి తెల్ల ముఖపు గుడ్లగూబలకు తోటలలో పెట్టెలు కట్టి ఎలుకలపై ప్రయోగించుచున్నారు. దీనికి పెట్టె రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉండవలెను. ఆరంగుళముల నలుచదరపు ద్వారము అడుగునకు ఒక అడుగుకు తగ్గని ఎత్తున పెట్టుడు. మోటారు షెడ్డు గోడకో, పెద్ద చెట్టునకో పన్నెండు పదునైదు అడుగుల ఎత్తున కట్టవలెను. నమ్మకము కలుగనివారు పక్షి చేరిన నెల తరువాత పెట్టె క్రింద చూడుడు. అది ఎలుకను సాధారణముగా యథాతథముగ మ్రింగి, అరగని బొచ్చును, ఎముకలను నల్లని ఉండలుగా కక్కును. ఒక ఉండను నీటిలో నానబెట్టి విప్పిన ఎలుకల పుర్రెలు లెక్కపెట్టవచ్చును.

కాని పెట్టె కట్టి, అదే పొలములో బ్రోమడయోలోన్ ఎర పెట్టినచో ఒక చేత పిలిచి మరియొక చేత చంపినట్లగును. ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని దినములు మందముగా తిరుగుచుండును. అట్టి ఎలుకయే గుడ్లగూబకు తేలికగా చిక్కును. దాని ఒంటిలోని విషము పక్షికి, పిల్లలకు చేరును. కావున గుడ్లగూబ ఉన్న చోట బుట్టలు, బోనులు, కలుగులకు పొగబెట్టుట వంటి పద్ధతులకే మొదటి స్థానమీయుడు. ఎర తప్పనప్పుడు ప్రతి ఉదయము చచ్చిన ఎలుకలను, తూలుచున్న ఎలుకలను ఏరి లోతుగా పాతిపెట్టవలెను.

పాలపిట్టకు పెట్టెకన్న మోడు మేలు. చేని గట్టున తల విరిగిన తాడి, కొబ్బరి మోడు ఎవరి ఇంటిపైనను, దారిపైనను పడు ప్రమాదము లేనిచో కొట్టక విడువుడు. తెలంగాణ రాష్ట్రపక్షియైన పాలపిట్టను దసరానాడు చూచుటకు ఊరు వెలుపలికి పోవువారము, అది గ్రుడ్లు పెట్టుటకొక మోడు విడువలేమా? పెట్టెలకు రాని ఏట్రింతకు శనగ, వేరుశనగ చేలలో టి ఆకారపు పక్షి స్థావరములు నాటవచ్చును. వరి, జొన్న వంటి పైరులలో నాటినచో గింజ పాలుపోసుకొనునప్పటికి తీసివేయవలెను.

పెట్టెకు శత్రువులు పిల్లి, కాకి, జెర్రిపోతు, ఎర్రచీమ. స్తంభముపై పెట్టిన పెట్టెకు క్రింద రెండడుగుల మేర నున్నని రేకు చుట్టిన పిల్లియు, ఎలుకయు ఎక్కలేవు, పామునకు కూడ కష్టమగును. దగ్గరి కొమ్మలను నరికివేయుడు. చీమలకు స్తంభము మొదట గ్రీజు పూయవచ్చును గాని, పెట్టెకు పూయరాదు. ఏ పురుగుమందును పెట్టెలో చల్లవద్దు.

పిచ్చుక మూడు మొదలు ఐదు గ్రుడ్ల వరకు పెట్టును. పండ్రెండు పదమూడు దినములకు పిల్లలగును. మరి పదునైదు దినములకు అవి ఎగిరిపోవును. ఈ నెలదినములు పిల్లలను మూత తీసి చూడనీయకుడు. రెక్కలు రాని పిల్ల క్రిందపడినచో చేతితో ఎత్తి గూటిలో పెట్టవచ్చును. మనుష్యుని చేయి తగిలిన తల్లి చేరదనుట నిజము కాదు. ఒకే జంట అదే పెట్టెలో రెండు మూడు కాన్పులు పెట్టును. కనుక పిల్లలు ఎగిరిన మరునాడే గూడు పీకవద్దు. పది దినములు చూచి, రాకపోకలు లేవని తేలిన తరువాత ప్రక్క చెక్క విప్పి, పాత గడ్డిని తీసి కాల్చివేసి, పెట్టెను వేడినీళ్ళతో కడిగి ఎండబెట్టి తిరిగి అదే చోట బిగించుడు.