దుంగ బరువు ఎంత? లారీ, క్రేను, కోత మిల్లు

శ్రీకాకుళము జిల్లాలో వంశధారా నది ఎడమ గట్టున శ్రీముఖలింగ క్షేత్రమున్నది. ఇచ్చటి స్వామి పేరు మధుకేశ్వరుడు. మధూకమనగా ఇప్పచెట్టు. ఇప్పచెట్టు మొదలులో స్వామి వెలసెననియు, ఆ మొదలే లింగరూపము దాల్చెననియు స్థలపురాణము చెప్పును. చెట్టునకు ఇంత గౌరవమిచ్చిన ఈ సీమలో కర్రపని చాల పాతది. ఇంటి దూలములు, నాగళ్లు, బండి చక్రములు, పడవలు అన్నియు ఒకప్పుడు కర్రతోనే తయారయ్యెడివి. దుంగలను ఎడ్లు లాగెడివి. ఇద్దరు మనుష్యులు, ఒకడు పైన, ఒకడు క్రింద నిలిచి పెద్ద రంపముతో కోసెడివారు. నేడు ఆ పనులను లారీ, క్రేను, కోత మిల్లు చేయుచున్నవి. పనిముట్లు మారినను మొదటి ప్రశ్న మాత్రము మారలేదు. ఈ దుంగ బరువు ఎంత?

ఈ ప్రశ్నకు సరియైన జవాబు తెలియక యంత్రమును తెచ్చినచో ధననష్టము మాత్రమే కాదు, ప్రాణనష్టము కూడ జరుగవచ్చును. 2018 అక్టోబరు 11వ తేదీని తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానములోని కొబ్బరి, జీడిమామిడి తోటలు పెద్ద ఎత్తున కూలినవి. అట్టి సమయములలో దారి తెరచుటకును, కర్ర పాడు కాకముందే తరలించుటకును అందరును త్వరపడుదురు. త్వరలో లెక్క తప్పుట సులభము.

దుంగను కొలుచుట

శ్రీముఖలింగము దగ్గర ఒక తోటలో పెద్ద మామిడిచెట్టు కూలినదనుకొన్నచో, దాని మ్రాను నుండి 5 మీటర్ల పొడవు, 2 మీటర్ల చుట్టుకొలత గల దుంగ వచ్చినదనుకొనవచ్చును. కర్ర వ్యాపారములో దీనిని కొలుచు పద్ధతి ఒకటి కలదు. చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చిన దానిని వర్గము చేసి, పొడవుతో హెచ్చింతురు. ఇంగ్లండులో ఎడ్వర్డ్ హాపస్ అను కొలతగాడు 1736లో ఇట్టి లెక్కల పట్టికలను ప్రచురించెను. అందుచే దీనికి హాపస్ కొలత అని పేరు. ఈ లెక్కన మన దుంగ 1.25 ఘనమీటర్లు.

కాని దుంగ చతురస్రము కాదు, వృత్తము. చుట్టుకొలత వర్గమును 4π తో భాగించి పొడవుతో హెచ్చించినచో నిజమైన ఘనపరిమాణము సుమారు 1.59 ఘనమీటర్లు వచ్చును. హాపస్ కొలత నిజమైన దానిలో నూటికి 78.5 పాళ్లు మాత్రమే. కోతలో పోవు బెరడును, చెక్కులను కొనువాని ఖాతాలో వేయకుండుటకు ఆ కొలత అనుకూలము. అయితే లారీయు, క్రేనును ఆ చెక్కులను కూడ మోయవలసియున్నది. డబ్బు లెక్కకు పనికివచ్చు కొలత బరువు లెక్కకు పనికిరాదు.

నీటి బరువు

రెండవ పొరపాటు నీటిది. బాగుగా ఆరిన మామిడి కర్ర ఘనమీటరుకు సుమారు 700 కిలోగ్రాములు తూగును. పచ్చి కర్రలో కణముల లోపలను, కణముల గోడలలోను నీరు నిండియుండును. అందుచే గట్టిజాతి చెట్ల పచ్చి దుంగను ఘనమీటరుకు ఒక టన్ను అని లెక్క కట్టుట క్షేమము. గుగ్గిలము వంటి బరువైన జాతులలో పచ్చి దుంగ నీటిలో మునుగును. దానిని ఏటిలో తేల్చి పంపవలెనన్నచో వెదురు కట్టలనో, పడవలనో ఆసరా చేయవలసివచ్చెడిది.

ఉత్తర కోస్తా నుండి వేలాదిమంది కూలీలు ఒకప్పుడు బర్మా వెళ్లిరి. వారు రంగమని పిలిచిన రంగూను పట్టణములో బియ్యపు మిల్లులందును, కోత మిల్లులందును, ఓడరేవునందును పని చేసిరి. ఆ దేశమున టేకుచెట్టును వెంటనే నరికెడివారు కారు. మొదలు చుట్టును బెరడును, దాని లోపలి లేత కర్రను గాడిగా చెక్కి విడిచెడివారు. చెట్టు నిలువుననే చచ్చి, రెండు మూడేండ్లలో ఆరి, తేలికయగును. తరువాత నరికిన దుంగ ఏటిలో తేలును. తరలించు సాధనము ఏదైనను, ముందు నీటి బరువును వదిలించుకొనుట అక్కడి సూత్రము.

మన దుంగ నిజమైన బరువు 1.59 ఘనమీటర్లకు సుమారు 1.6 టన్నులు. హాపస్ కొలతను, ఆరిన కర్ర సాంద్రతను కలిపి లెక్కించినవాడు 1.25ను 0.7తో హెచ్చించి 0.88 టన్ను అనుకొనును. రెండు చిన్న పొరపాట్లు కలిసి బరువును దాదాపు సగము చేసినవి.

లారీ

2018 జూలైలో కేంద్ర ప్రభుత్వము సవరించిన పరిమితుల ప్రకారము రెండు ఇరుసుల లారీలో ముందు ఇరుసుపై 7 టన్నులు, నాలుగు టైర్ల వెనుక ఇరుసుపై 11.5 టన్నులు, మొత్తము 18.5 టన్నులు ఉండవచ్చును. లారీ ఖాళీ బరువు 6 టన్నులైనచో సరకుకు మిగులునది 12.5 టన్నులు. ఇందులో మన దుంగలు ఏడు మాత్రమే పట్టును. పొరపాటు లెక్క వేసినవాడు పదునాలుగు ఎక్కించును. అప్పుడు సరకు 22.4 టన్నులు, లారీతో కలిసి 28.4 టన్నులు. బ్రేకులు అణచవలసిన గతిశక్తి అదే వేగమున ఒకటిన్నర రెట్లగును. చేల నడుమ కాలువలపై కట్టిన చిన్న కల్వర్టులకు ఇది మరింత ప్రమాదము.

బరువొక్కటే కాదు, ఎత్తును చూడవలెను. మలుపులో లారీ ఒరుగుట గరిమనాభి ఎత్తును, చక్రముల నడుమ దూరములో సగమును బట్టి యుండును. ఆ సగము 0.9 మీటరు, గరిమనాభి ఎత్తు 1.8 మీటర్లు అయినచో, 40 మీటర్ల వ్యాసార్ధము గల మలుపులో గంటకు 50 కిలోమీటర్ల వేగమున లారీ పడిపోవు స్థితికి వచ్చును. దుంగలను ఇంకను పైకి పేర్చి గరిమనాభిని 2.25 మీటర్లకు లేపినచో 45 కిలోమీటర్లకే ఆ స్థితి వచ్చును. స్ప్రింగులు ఒరుగుట వలనను, దుంగలు జరుగుట వలనను నిజముగా ఇంతకన్న తక్కువ వేగముననే బోల్తా పడవచ్చును. కావున ఎక్కువ ట్రిప్పులు ఖర్చు కాదు, భద్రత. ప్రక్కలందు గట్టి నిలువు కమ్ములు, బిగించిన గొలుసులు లేనిదే దుంగల లారీ కదలరాదు.

క్రేను

జనులు హైడ్రా అని పిలుచు క్రేను ఇప్పుడు పట్టణములలో సులభముగా అద్దెకు దొరకును. దానిపై 10 టన్నులని వ్రాసియుండవచ్చును. ఆ అంకె క్రేనుకు మిక్కిలి దగ్గరగా ఉన్న బరువుకే వర్తించును. క్రేను ఒక తులాదండము వంటిది. బరువును దూరముతో హెచ్చించగా వచ్చునది భ్రామకము. 2 మీటర్ల దూరమున 10 టన్నులు ఎత్తునప్పుడు భ్రామకము 20. అదే భ్రామకముతో 5 మీటర్ల దూరమున 4 టన్నులు, 10 మీటర్ల దూరమున 2 టన్నులు మాత్రమే లేచును. దూలము స్వంత బరువు కూడ ముందుకు లాగుటచే యంత్రముతో ఇచ్చిన పట్టికలో ఇంకను తక్కువ, ఉదాహరణకు 1.2 టన్ను, ఉండవచ్చును. దుంగ 0.88 టన్ను అని నమ్మినవాడు కాలువకు ఆవలి నుండి దానిని ధైర్యముగా ఎత్తబోవును. నిజముగా అది 1.6 టన్ను. క్రేను వెనుక చక్రములు లేచును.

బురదలో కూరుకొనిన దుంగను, వేళ్లు తెగని మ్రానును క్రేనుతో పెరుకుట తగదు. అప్పుడు త్రాటిపై పడు బలము దుంగ బరువును మించిపోవును. వరిమడి వంటి మెత్తని నేలపై చక్రముల క్రిందను, కాళ్ల క్రిందను వెడల్పైన పలకలు వేసినచో వైశాల్యము పెరిగి పీడనము తగ్గును. రెండు త్రాళ్లతో ఎత్తునప్పుడు అవి క్షితిజముతో 60 డిగ్రీలు చేసినచో ఒక్కొక్క త్రాటిలో తన్యత బరువులో 0.58 వంతు; 30 డిగ్రీలకు వాలినచో బరువంతయు ఒక్కొక్క దానిపై పడును. మన దుంగకు అది 1.6 టన్ను. వ్రేలాడు దుంగ క్రిందకు ఎవరును పోరాదు.

కోత మిల్లు

కోత మిల్లులో రెండు రకముల రంపములు ముఖ్యము. గుండ్రటి రంపము చవుక. సరుగుడు వాసముల వంటి సన్నని కర్రకు చాలును. పట్టీ రంపము ఖరీదైనది, కాని దాని పళ్ల చీలిక సన్నము. 45 సెంటీమీటర్ల మందము గల దిమ్మను 25 మిల్లీమీటర్ల పలకలుగా కోయునప్పుడు, ప్రతి కోతలో 6 మిల్లీమీటర్లు పొట్టుగా పోవు గుండ్రటి రంపము 14 పలకలనిచ్చును. 2.5 మిల్లీమీటర్లు మాత్రమే పోవు పట్టీ రంపము 16 ఇచ్చును. పెద్ద దుంగలలో ఈ రెండు పలకల తేడాయే యంత్రము ఖరీదును తీర్చును.

వేగము విషయమై జాగ్రత్త వలయును. నిమిషమునకు 1440 సార్లు తిరుగు మోటారుకు 20 సెంటీమీటర్ల కప్పీని, రంపమునకు 30 సెంటీమీటర్ల కప్పీని తగిలించినచో రంపము 960 సార్లు తిరుగును. మీటరు వ్యాసము గల రంపమునకు అంచు వేగము సెకనుకు 50 మీటర్లు. పని త్వరపడవలెనని రంపమునకు కూడ 20 సెంటీమీటర్ల కప్పీ వేసినచో వేగము ఒకటిన్నర రెట్లు, రంపమును చీల్చజూచు బలము రెండుంబావు రెట్లు అగును. రంపము పగిలి ముక్కలు ఎగిరిపడవచ్చును. ఊరి చెట్లలో పాతిన మేకులు, తీగెలు బెరడుతో కప్పబడి లోపల దాగియుండును. కోతకు ముందు వాటిని వెదకి తీయవలెను.

తుపానుకు కూలిన మ్రాను వంచిన విల్లువలె నుండవచ్చును. సాగి యున్న వైపును ముందుగా కోసినచో అది చటుక్కున చీలి ఎగురును. నొక్కుడు పడిన వైపున కొద్దిగా కోసి, పిదప రెండవ వైపు కోయవలెను.

అనుమతులు

యంత్రములు సిద్ధమైనను కాగితములు ముఖ్యము. ఆంధ్రప్రదేశములో కోత మిల్లులకు 1969 నాటి నియమములును, కర్ర రవాణాకు 1970 నాటి నియమములును వచ్చినవి. గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు తరువాత దేశములో కోత మిల్లులపై అదుపు కఠినమైనది. కావున దుంగ కదలకముందే అటవీశాఖ కార్యాలయములో ఏ జాతి కర్రకు ఏ అనుమతి వలయునో విచారించుట మంచిది.

పాఠశాలలో ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో చేయించవచ్చును. క్రొత్తగా కొట్టిన కొమ్మ నుండి చిన్న ముక్కను కోసి తూచి, ఎండ తగులని గాలిలో ఉంచి, వారమునకొకసారి తూచవలెను. బరువు ఇక తగ్గనప్పుడు పోయిన నీరెంతో తెలియును. సమానమైన మందము గల 30 సెంటీమీటర్ల పుల్లను ఎత్తైన సన్నని గాజు పాత్రలో నిలువుగా తేల్చినచో, 24 సెంటీమీటర్లు మునిగినచో దాని సాపేక్ష సాంద్రత 0.8 అగును. తరువాత బడి ఆవరణలోని చెట్ల చుట్టుకొలతను దారముతో కొలిచి వాటి బరువును లెక్కింపవచ్చును.

ఇట్లు లెక్కించుట నేర్చిన విద్యార్థి, రేపు తన ఊరిలో చెట్టు కూలిన దినమున, క్రేనును పిలుచుటకు ముందు దారముతో దుంగను కొలుచును. యంత్రము కన్న ముందు నడువవలసినది ఆ దారమే.